సమ్మర్ క్యాంప్‌లో మన ఆడపిల్లలకు లీడర్ ట్రైనింగ్ ఎలా ఇవ్వాలి

మార్చి వచ్చిందంటే చాలు, చిత్తూరు, పుత్తూరు, నగరి, తిరుపతి వైపు చర్చి సంఘాల అమ్మగార్లు (పాస్టర్ల భార్యలు), సండేస్కూల్ టీచర్లు ఒకే ప్రశ్న అడుగుతారు. "మా దగ్గర తొమ్మిది, పది, ఇంటర్ చదివే ఆడపిల్లలు ఉన్నారు. వీ.బీ.ఎస్.కి (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ క్లాసులకి) పిల్లల్లా రమ్మంటే సిగ్గుపడతారు, పెద్దల మీటింగులో కూర్చోమంటే విసుగుపడతారు. వీళ్ళని లీడర్లుగా ఎలా తయారుచేయాలి?" ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. నాయకత్వం గురించి ఎన్ని ప్రసంగాలు విన్నా పిల్ల లీడర్ కాదు. పదిమంది చిన్నపిల్లల్ని ఆమెకి అప్పగించి, మీరు వెనక్కి జరిగి కూర్చుంటేనే అవుతుంది. కింద రాసిన ప్రతి మెట్టూ ఆ అప్పగింత సురక్షితంగా, సరిగ్గా జరగడానికే.

ఏమేం కావాలి

ఎనిమిది మంది అమ్మాయిలతో మొదలుపెట్టండి. ఇద్దరిద్దరు చొప్పున నాలుగు జంటలు, జంటకి పదిమంది పిల్లలు, మొత్తం నలభై మంది. మొదటి ఏడాదికి అంతకు మించి వద్దు. నలుగురు పెద్ద ఆడవాళ్ళు కావాలి, వాళ్ళు వారమంతా రాగలిగినవాళ్ళై ఉండాలి. "మధ్యలో ఒకరోజు పెళ్ళికి పోవాలి" అనేవాళ్ళని వంటలో సాయానికి పెట్టుకోండి, ఈ పనికి కాదు.

నీడ ఉన్న స్థలం, రెండు ఫ్యాన్లు, లోపలినుంచి గడియ పడే బాత్‌రూమ్, అందులో బకెట్, మగ్గు, మూత ఉన్న చెత్తబుట్ట. గడియ సంగతి చిన్నదనుకోకండి. ఆడపిల్లలు సగం రోజు నీళ్ళు తాగకుండా బిగబట్టుకుని కూర్చునేది దానివల్లే. మీరు ఎండదెబ్బ అనుకునేది చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. ఒక అక్క దగ్గర సంచిలో శానిటరీ ప్యాడ్లు ఉండాలి, ఆ సంగతి అమ్మాయిలందరికీ మొదటిరోజే చెప్పాలి.

ఇక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు, ప్రథమ చికిత్స డబ్బా, అమ్మాయికొక లాంగ్ నోట్‌బుక్, చార్టులు, స్కెచ్ పెన్నులు, ఒక ఈల. మైకు అక్కర్లేదు. మైకు ఉంటే బాగా మాట్లాడే ఒకరిద్దరే వారమంతా దాన్ని పట్టుకుంటారు.

ఖర్చు అమ్మాయిల దగ్గర వసూలు చేయకండి. చర్చిలోని స్త్రీల సమాజానికి చెబితే ఒకరు బొరుగులు, ఒకరు మజ్జిగ, ఇంకొకరు చిత్రాన్నం ఒప్పుకుంటారు. మే నెలలో మన జిల్లాల్లో మామిడిపళ్ళకేం కరువు?

1. తేదీలు ముందు ఖాయం చేయండి

స్కూళ్ళకి ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులుంటాయి. ఇంటర్ పిల్లలకి కాలేజీలు అంతకంటే ముందే తెరుస్తారు. మేలో నీట్, ఈఏపీసెట్ ఉంటాయి. రెండో సంవత్సరం పూర్తయిన అమ్మాయి మీ జాబితాలో ఉంటే ఆమె పరీక్ష తేదీ అడగకుండా క్యాంప్ తేదీ వేయకండి. తిరుపతిలో ఉన్నవాళ్ళు తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం ఎప్పుడో కనుక్కోండి. ఆ రోజుల్లో ఊళ్ళో రద్దీ మామూలుగా ఉండదు, ఆటోలు దొరకవు, చిన్నపిల్లల్ని దాటించడం కష్టం.

ట్రైనింగ్ ఐదు రోజులు, తర్వాత రెండు రోజులు విరామం, ఆ తర్వాత ఐదు రోజుల పిల్లల క్యాంప్. ఉదయం ఏడుకి మొదలై, పదకొండున్నరకల్లా అమ్మాయిలు ఇల్లు చేరేలా ముగిసిపోవాలి. మే ఎండలో మధ్యాహ్నం ఆటలు పెట్టడం ఏ ట్రైనింగూ కాదు.

2. అమ్మాయిల్ని ఎంచుకోండి

వయసు పద్నాలుగు నుంచి పదిహేడు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. అయ్యగారి (పాస్టర్) కూతురు, క్వయర్‌లో ముందు నిలబడే పిల్ల, సంఘ పెద్దగారి మనవరాలు, ఈ ముగ్గురి పేర్లూ ముందే రాసేస్తారు. వాళ్ళు రావద్దని కాదు. కానీ సండేస్కూల్ అయిపోయాక ఓ పది నిమిషాలు గుమ్మం దగ్గర నిలబడి చూడండి. ఏడుస్తున్న చిన్నోడి చెప్పు వెతికిపెట్టేది ఎవరు? చాపలు చుట్టేటప్పుడు ఎవరూ పిలవకుండానే వచ్చేది ఎవరు? పాట పాడదు, ప్రార్థన చేయమంటే తల వంచుకుంటుంది. ఆ పిల్ల పేరు రాయండి.

ఆరాధనలో పేర్లు చదవకండి. విడివిడిగా పిలిచి అడగండి, "నాకొద్దు అక్కా" అనే వీలుండాలి. నగరి, సత్యవేడు, కుప్పం వైపు అయితే ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు చాలామంది వస్తారు. ప్రతి జంటలో ఒక్కరికైనా రెండు భాషలూ వచ్చేలా చూసుకోండి.

3. ఇంటికి వెళ్ళి అడగండి

వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోకండి. సాయంత్రం పనుల నుంచి వచ్చాక ఇంటికి వెళ్ళండి, ఇద్దరు ఆడవాళ్ళు కలిసి వెళ్ళండి. నాన్న అడిగేవి ఇవే: ఎవరెవరు ఉంటారు, మగవాళ్ళు ఉంటారా, ఎన్నింటికి వదులుతారు, ఎవరు ఇంటికి చేరుస్తారు. అవ్వ అడిగేది ఇంకొకటి: "ఇంట్లో పనెవరు చేస్తారు?" మామిడి కోతల కాలంలో అది న్యాయమైన ప్రశ్న. పదకొండున్నరకి ఇంట్లో ఉంటుందని చెప్పండి, చెప్పినట్టే పంపండి. మొదటిరోజు అరగంట ఆలస్యమైతే మూడో రోజుకి ఆ పిల్ల రాదు.

అనుమతి పత్రంలో ఉండాల్సినవి: తేదీలు, వేళలు, స్థలం, బాధ్యులైన ఇద్దరి ఫోన్ నంబర్లు, పిల్లకి ఆస్తమా, మూర్ఛ, అలర్జీ లాంటివి ఉన్నాయా, ఏ మందు పడదు, ఎవరితో ఇంటికి పంపాలి, ఫోటో తీయవచ్చా. తల్లిదండ్రులు చదవలేకపోతే చదివి వినిపించి సంతకం తీసుకోండి.

రాత్రి బస క్యాంప్ అడిగేవాళ్ళకి ఒకటే జవాబు. మొదటి ఏడాది వద్దు. తల్లిదండ్రులకి మీ మీద నమ్మకం కుదిరాక, రెండో ఏడాది హార్స్‌లీ హిల్స్ లాంటి చోటు ఆలోచించండి. అక్కడ ఎత్తు 1,200 మీటర్లకు పైనే కాబట్టి వేసవిలోనూ రాత్రి చల్లగా ఉంటుంది, దుప్పట్లు తప్పనిసరి. ఘాట్ రోడ్డులో వాంతులు చేసుకునే పిల్లలకి కవర్లు కూడా.

4. భద్రత నియమాలు రాసి గోడకి అంటించండి

మీరు లీడర్ అని పిలుస్తున్న పదహారేళ్ళ పిల్ల చట్టం ప్రకారం ఇంకా బిడ్డే. 2012 పోక్సో చట్టం పద్దెనిమిది నిండని ప్రతి ఒక్కరినీ బిడ్డగానే చూస్తుంది. అందుకని రెండు వైపులా జాగ్రత్త కావాలి: ఆమె చేతిలో ఉన్న చిన్నపిల్లలకి, ఆమెకి కూడా.

ఏ పెద్దవాళ్ళూ ఒక అమ్మాయితో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. అయ్యగారైనా, పాటల మాస్టరైనా, ఆడవాళ్ళైనా ఇదే నియమం. ప్రార్థన చేయాలంటే వరండాలో, నలుగురికీ కనబడేలా. లీడర్ అమ్మాయి కూడా ఒక్క చిన్నపిల్లని వెంటబెట్టుకుని బాత్‌రూమ్‌కి పోకూడదు, ఇద్దరు పిల్లల్ని తీసుకుపోవాలి. క్యాంప్ పేరుతో మగవాళ్ళెవరూ అమ్మాయిలకి విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు. గ్రూపులో ఇద్దరు పెద్ద ఆడవాళ్ళు ఉండాలి.

ఒక బిడ్డ తనకి జరిగిన చెడు ఏదైనా చెబితే ఏం చేయాలో అమ్మాయిలకి మొదటిరోజే నేర్పండి. మధ్యలో ఆపకుండా వినాలి. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు. "నువ్వు చెప్పి మంచి పని చేశావు, నీకు సాయం చేయగల అక్కకి చెబుతాను" అనాలి. వెంటనే బాధ్యురాలైన అక్క దగ్గరికి రావాలి. అక్కడినుంచి పని పెద్దవాళ్ళది. ఇలాంటివి పోలీసులకి తెలియజేయడం చట్టం పెట్టిన బాధ్యత, తెలియజేయకపోవడం నేరం. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, అత్యవసరానికి 112. సంఘ పెద్దలు కూర్చుని రాజీ చేసే విషయం కాదు ఇది. సంఘం పరువు పోతుందని ఎవరైనా అంటే, బిడ్డ కంటే పరువు ఎక్కువా అని అడగండి.

5. ఐదు రోజుల ట్రైనింగ్

మొదటిరోజు కథ చెప్పడం. పుస్తకం చూసి చదవనివ్వకండి. కథని నాలుగు వాక్యాల్లోకి తెమ్మనండి: ఎవరు, ఏం కష్టం, ఏం చేశారు, ఏమైంది. బైబిల్లో 2 రాజులు 5వ అధ్యాయంలోని చిన్నదాని కథ మన అమ్మాయిలకి బాగా పట్టుబడే కథ. ఎవరు? చెరపట్టుకుపోయిన పిల్ల, సిరియా సేనాధిపతి నయమాను ఇంట్లో పనిచేస్తోంది. కష్టం? యజమానికి కుష్ఠు. ఏం చేసింది? సమరయలో ప్రవక్త ఉన్నాడు, ఆయన దగ్గరికి పోతే బాగవుతాడని యజమానురాలికి చెప్పింది. ఏమైంది? యొర్దాను నదిలో ఏడుసార్లు మునిగి యజమాని బాగయ్యాడు. నాలుగు వాక్యాలు వచ్చాక వాటికి చేతులు, ముఖం, గొంతు కలపాలి. ఐదు నిమిషాలు దాటకూడదు. చివర ఒక్కటే ప్రశ్న: "నిన్ను ఎత్తుకుపోయినవాళ్ళ ఇంట్లో నువ్వయితే ఆ మాట చెప్పేదానివా?" పిల్లలు "చెప్పను" అన్నా తిట్టకూడదు. ఎందుకని అడగాలి, అంతే. పాఠం అక్కడినుంచే నడుస్తుంది.

అమ్మాయి నిలబడి కథ చెబుతుంటే ఎదురుగా కింద కూర్చున్న రెండో తరగతి పిల్లకి ఆమె గడ్డమే కనబడుతుంది. మోకాళ్ళ మీద కూర్చోమనండి. కళ్ళు కళ్ళు కలుస్తాయి, గొంతు దానంతటదే తగ్గుతుంది, పిల్లలు ముందుకి జరుగుతారు. ఇది చూపించి చేయించండి, చెబితే రాదు.

రెండోరోజు గుంపు నడపడం. అల్లరి చేసేవాడిని ఏం చేయాలి, మాట్లాడని పిల్లని ఎలా కలుపుకోవాలి. అమ్మాయిల్లోనే ఒకరు అల్లరి పిల్లలా నటించాలి, ఒకరు లీడర్. కొట్టడం లేదు, గుంజిళ్ళు లేవు, "నీకు చాక్లెట్ ఇవ్వను" లేదు. అల్లరివాడికి ఒక పని అప్పగించడం నేర్పండి: చార్ట్ పట్టుకో, నీళ్ళు పంచు.

మూడోరోజు ఆటలు, ప్రథమ చికిత్స. ఓ.ఆర్.ఎస్. ఒక ప్యాకెట్ ఒక లీటరు నీళ్ళకి, గ్లాసుకి కొంచెం పొడి కలపడం తప్పు. ముక్కులోంచి రక్తం వస్తే తల వెనక్కి వంచకూడదు, ముందుకి వంచి ముక్కు మెత్తని భాగం పది నిమిషాలు నొక్కిపట్టాలి. ఎండకి తూలితే నీడకి తెచ్చి తడిగుడ్డ, విసనకర్ర. స్పృహ లేకపోతే నోట్లో నీళ్ళు పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. కుక్క కరిస్తే సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి. పసుపు, కారం పెట్టనివ్వకండి. ప్రతి అమ్మాయి చేత ఓ.ఆర్.ఎస్. కలిపించండి, విన్నది వేరు, కలిపింది వేరు.

నాలుగోరోజు నాకు అన్నిటికంటే ముఖ్యం. చాలా క్యాంపుల్లో ఇది ఉండనే ఉండదు. సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కూతుళ్ళు ఐదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, మోషే ఎదుట, యాజకుని ఎదుట, సమాజమంతటి ఎదుట నిలబడి తండ్రి స్వాస్థ్యంలో (ఆస్తిలో) తమకి వాటా అడిగారు. వాళ్ళు అడిగింది న్యాయమని దేవుడే చెప్పాడు. ఇది చదివించాక, మన అమ్మాయిల్ని సంఘంలో ఒక అవసరం వెతకమనండి. ఏదైనా సరే, నిజమైనదై ఉండాలి: సండేస్కూల్ గదికి ఫ్యాన్, బాత్‌రూమ్ గడియ, సాయంత్రం ప్రార్థన కూటం త్వరగా ముగించడం. ఎవరికి ఇబ్బంది, ఎంత ఖర్చు, తాము ఏం చేయగలరు, ఈ మూడూ కాగితం మీద రాయాలి. గడియ ధర హార్డ్‌వేర్ షాపులో అడిగి రావాలి, అంచనా వేయకూడదు. తర్వాత సంఘ కమిటీ ముందు నిలబడి ఇద్దరు మాట్లాడాలి, మిగతావాళ్ళు పక్కన నిలబడాలి.

దీనికి ముందే పెద్దలతో మాట్లాడి పెట్టుకోండి. వాళ్ళు "చూద్దాంలే అమ్మా" అనకూడదు. అవును అయితే ఏ తేదీలోగా, కాదు అయితే ఎందుకు, ఏదో ఒకటి చెప్పాలి. "కాదు" అన్నా ఫరవాలేదు, కారణం చెబితే చాలు. కానీ విని నవ్వేసి పంపిస్తే ఆ పిల్లలు మళ్ళీ పదేళ్ళు నోరు తెరవరు. పెద్దలు ఒప్పుకోకపోతే స్త్రీల సమాజం ముందు పెట్టించండి.

ఐదోరోజు ప్రతి జంట తమ ఐదు రోజుల క్యాంప్ పాఠాలు రాసుకోవాలి: కథ, పాట, కంఠత వాక్యం (నోటికి నేర్చుకునే బైబిల్ వచనం), ఆట, చేతిపని. మీరు చదివి సరిదిద్దండి, కానీ వాళ్ళ కథ తీసేసి మీ కథ పెట్టకండి.

6. క్యాంప్ నడిచేటప్పుడు మీరు ఏం చేయాలి

గుంపుకి పది అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చోండి, చేతిలో నోట్‌బుక్. లేవాల్సింది మూడు సందర్భాల్లోనే: ఎవరికైనా దెబ్బ తగిలే ప్రమాదం ఉన్నప్పుడు, ఏడుపు ఆగనప్పుడు, అమ్మాయి మీ వైపు చూసి సాయం అడిగినప్పుడు. కథలో పేరు తప్పు చెప్పినా, పాట శృతి తప్పినా లేవకండి, రాసుకోండి. పిల్లల ముందు "అలా కాదమ్మా, నేను చెబుతా చూడు" అన్నారంటే ఆ రోజుకి ఆ గుంపు మీదే, ఆమెది కాదు.

ఇంకో పెద్ద తప్పు, లీడర్లని చివరికి పనివాళ్ళని చేసేయడం. ఊడవడం, ప్లేట్లు కడగడం, టీ అందించడం అమ్మాయిల వంతు, మైకు, ఆటలు, బహుమతులు ఇవ్వడం అబ్బాయిల వంతు అయిపోతుంది. చాప వేసే పని అందరూ చేయాలి, పెద్దలతో సహా. క్యాంప్ రెండోరోజు మధ్యలో ఒకసారి లెక్క చూసుకోండి: గత గంటలో మీ ఎనిమిది మందిలో ఎంతమంది పిల్లలతో ఉన్నారు, ఎంతమంది వంటగదిలో ఉన్నారు?

చుట్టుపక్కల ఇళ్ళ నుంచి ఇతర మతాల పిల్లలు కూడా వస్తారు. ఇది బైబిల్ క్లాసు అని వాళ్ళ అమ్మానాన్నలకి ముందే తెలియాలి, ఒప్పుకున్నవాళ్ళే రావాలి. యేసుని నమ్ముతానని చేతులెత్తమని, నిర్ణయం తీసుకోమని ఏ పిల్లనీ ఒత్తిడి చేయకూడదు. లీడర్ అమ్మాయిలకీ అంతే: సాక్ష్యం (తన జీవితంలో దేవుడు చేసింది) చెప్పమని, ఏడ్చేదాకా ప్రార్థన చేయమని బలవంతం చేయకండి. ఇంటి కష్టాలు నలుగురి ముందు చెప్పించి తర్వాత ఊళ్ళో ఆ మాటలు తిరిగితే ఆ పిల్ల చర్చికే రాదు. స్పీకర్ పెడితే గొంతు ఆవరణ దాటకుండా పెట్టండి.

చివరిరోజు విహారం అడుగుతారు. తిరుపతి వాళ్ళకి అలిపిరి వైపున్న సైన్స్ సెంటర్, జూ, కొంచెం దూరంలో చంద్రగిరి కోట బాగుంటాయి. ఏదైనా తెరిచే వేళకే చేరుకోండి. తిరుమల కొండ మీద అన్యమత ప్రచారం నిషేధం, కాబట్టి క్యాంప్ టీషర్టులు, పాటల పుస్తకాలతో అటువైపు ప్రయాణం పెట్టుకోకండి. తలకోన, కైగల్ లాంటి జలపాతాలు వద్దే వద్దు. నలభై మంది పిల్లల్ని నీళ్ళ దగ్గర కాయడం పదిహేడేళ్ళ పిల్ల మీద పెట్టే బరువు కాదు.

7. రోజూ ఇరవై నిమిషాలు

పిల్లలు వెళ్ళాక అమ్మాయిల్ని గుండ్రంగా కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి మూడు అడగండి. ఈరోజు ఏ పిల్ల గురించి ఆలోచిస్తున్నావు? ఎక్కడ చేయి జారింది? రేపు ఏం మారుస్తావు? మీరు రాసుకున్నవాటిలో ఒక్కటే చెప్పండి, అదీ చూసినది చూసినట్టు. "బాగా చేశావు" అంటే ఆమెకి ఏమీ తెలియదు. "మూల కూర్చున్న బాబు పేరు పెట్టి పిలిచావు, వెంటనే ముందుకొచ్చాడు" అంటే రేపు ఇంకో ఇద్దరి పేర్లు నేర్చుకుని వస్తుంది.

8. ఫలితం ఎలా చూసుకోవాలి

చివరిరోజు చప్పట్లు చూసి, ఫోటోలు చూసి అంచనా వేయకండి. ఈ నాలుగూ చూడండి.

పిల్లల్ని విడిగా అడగండి: "మీ అక్క పేరేంటి? ఏ కథ చెప్పింది?" అక్క పేరు రాకపోతే ఆ గుంపుని మీరే నడిపారన్నమాట.

పిల్లల క్యాంప్ నాలుగోరోజు కావాలని అరగంట ఆలస్యంగా మీ కుర్చీలోకి రండి. అందుబాటులో మరో పెద్దామె ఉండేలా చూసుకుని మాత్రమే. గుంపు మొదలయ్యి ఉంటే పని అయినట్టే. మీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే మీరు ఇంకా వెనక్కి జరగాలి.

హాజరు పట్టీ చూడండి. ఒక గుంపులో పిల్లలు రోజురోజుకీ తగ్గుతుంటే ఆ జంటని తిట్టకుండా ఒక పూట పక్కన కూర్చుని గమనించండి. ఎక్కువసార్లు కథ పొడవైపోవడం, లేకపోతే ఇద్దరిలో ఒకరే అంతా చేయడం కారణంగా కనబడుతుంది.

క్యాంప్ అయిన నెలకి కమిటీ ఒప్పుకున్న పని జరిగిందా చూడండి. జరగకపోతే గుర్తుచేయాల్సింది మీరు కాదు, అమ్మాయిలే. వాళ్ళని పంపండి, మీరు తోడు వెళ్ళండి.

9. క్యాంప్ తర్వాత

సర్టిఫికెట్ ఇచ్చి వదిలేస్తే జూన్‌లో బడి తెరవగానే అంతా ఆగిపోతుంది. ప్రతి జంటకీ నెలకొక ఆదివారం సండేస్కూల్ చిన్న తరగతి అప్పగించండి. పదో తరగతి, ఇంటర్ రెండో సంవత్సరం వాళ్ళకి జనవరి నుంచి పరీక్షలయ్యేదాకా సెలవు ఇవ్వండి, మొహమాటపెట్టకండి. క్రిస్మస్ కార్యక్రమంలో చిన్నపిల్లల భాగం మొత్తం వీళ్ళకే వదలండి.

ఒక రిజిస్టర్ పెట్టి ఏ ఆట నడిచింది, ఏది నడవలేదు, ఎన్ని బొరుగులు తెప్పించారు, ఏ పిల్లకి ఏ అలర్జీ ఉందో వాళ్ళ చేతే రాయించండి. అలర్జీల పేజీ అందరికీ చూపించకుండా బాధ్యురాలి దగ్గర ఉంచండి. వచ్చే ఏడాది ఫిబ్రవరిలో కొత్త ఎనిమిది మందిని వెతికేటప్పుడు ఈ అమ్మాయిల్లో ఇద్దర్ని మీతోపాటు గుమ్మం దగ్గర నిలబెట్టుకోండి, పేర్లు వాళ్ళని కూడా చెప్పమనండి.